జన్మస్థలము: రంగూను

గుంటూరు నగరమున బ్రాడీపేట పేరుగన్న ప్రాంతము. ఇచ్చటి వీథులకు పేర్లకంటె అంకెలే ప్రధానము. ఇన్నవ లైను, ఇన్నవ అడ్డరోడ్డు అని చెప్పినచో క్రొత్తవారైనను వెదకికొనుచు ఇంటికి రాగలరు. అట్టి లైనులలో ఒకదానియందు ఒక సామాన్య కుటుంబము కాపురముండెను. ఇంటి యజమాని మిరపకాయల యార్డునందు ఒక వ్యాపారి కొట్టులో లెక్కలు వ్రాయుచుండెను. అతని కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచుండెను. అతని తండ్రి డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు. విశాఖపట్టణము జిల్లాలో రెవెన్యూ గుమాస్తాగా పనిచేసి, ఉద్యోగము నుండి విరమించి, కొడుకు చెంతకు వచ్చి యుండెను.

2025వ సంవత్సరమున ఒకనాడు తరగతిలో సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయిని పిల్లలకు ఒక పని నొసగెను. "మీ యింటియందలి మూడు తరములవారు ఎప్పుడు, ఎచ్చట జన్మించిరో, ఏ హక్కుచే వారు భారత పౌరులైరో వ్రాసికొని రండు" అని ఆమె చెప్పెను. ఆదివారము ఉదయమున బాలిక నోటుపుస్తకము తీసికొని కూర్చుండెను. తన పేరు వ్రాసి, "2012, గుంటూరు" అని చేర్చెను. తండ్రి పేరు వ్రాసి, "1981, విశాఖపట్టణము" అని చేర్చెను. తాతయ్య సంగతి తెలియుటకై ఆయన ఇనుప పెట్టెలోని పాత కాగితములను ఆయన అనుమతితో చూడసాగెను. అందొక కాగితముపై "జన్మస్థలము: రంగూను" అని యుండెను. బాలిక కలము ఆగిపోయెను.

"తాతయ్యా! రంగూను బర్మాలో కదా యున్నది? అట్లయిన మీరు పరదేశులా?" అని ఆమె అడిగెను.

వృద్ధుడు కొంతసేపు మాటాడలేదు. పిదప కళ్ళజోడు తీసి తుడుచుకొని, "కూర్చో తల్లీ. ఆ ప్రశ్న నన్ను పలువురు అడిగిరి. చిన్ననాడు నన్ను నేనే అడుగుకొంటిని" అని తన కథ చెప్ప నారంభించెను.

తెలుగువారికి బర్మాతో సంబంధము ఈనాటిది కాదు. గోదావరి ముఖద్వారమున కోరంగి యను రేవు కలదు. పూర్వము అచ్చటినుండి ఓడలు బంగాళాఖాతము దాటి రంగూనునకు పోవుచుండెడివి. అందుచే బర్మా ప్రజలు తెలుగు కూలీలను "కోరంగీలు" అని పిలిచిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల పేదలు వేల సంఖ్యలో అచ్చటికి పోయి, ఓడరేవులో బరువులు మోసిరి, బియ్యపు మరలలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి రంగూను జనులలో సగమునకు పైగా భారతీయులే.

వీరిని ఆనాడు పరదేశమునకు పోయినవారనుట సరికాదు. ఆంగ్లేయులు 1886లో బర్మా నంతటిని తమ భారత సామ్రాజ్యమున చేర్చుకొనిరి. 1937 ఏప్రిల్ 1వ తేదీన దానిని వేరుచేసిరి. కావున అంతకు ముందు కళింగపట్టణము నుండి రంగూనునకు పోయిన కూలి, ఒకే ప్రభుత్వపు ఏలుబడిలో ఒక చోటు విడిచి మరియొక చోటికి పోయినవాడే. ఆ తరువాత అతడు కదలకయే పరదేశములోనివాడయ్యెను. అతడు ఎల్ల దాటలేదు. ఎల్లయే అతనికిని అతని ఊరికిని నడుమ వచ్చి నిలిచెను.

"మా తాతగారు అట్లు పోయినవారే. మా నాయన 1928లో రంగూనులోనే పుట్టెను" అని వృద్ధుడు చెప్పెను.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము జపాను సేనల వశమయ్యెను. ఆ మాసములలో నాలుగైదు లక్షల భారతీయులు బర్మా విడిచి స్వదేశమునకు బయలుదేరిరి. ఓడలలో చోటు దొరకినవారు కొందరే. మిగిలినవారు కాలినడకన కొండలును అడవులును దాటిరి. కొందరు ప్రోము పట్టణము నుండి టాంగప్ కనుమ మీదుగా అరకాను తీరము చేరిరి. మరికొందరు మణిపురపు త్రోవ పట్టిరి. త్రాగునీరు లేక, కలరా సోకి, త్రోవలో వేలాది జనులు మరణించిరి.

"మా నాయనకు అప్పుడు పదునాలుగేండ్లు. ఆయన చెల్లెలికి ఆరేండ్లు. టాంగప్ కనుమ ఎక్కునప్పుడు ఆయన చెల్లెలిని వీపున మోసెనట. కనుమ దిగునప్పుడు మోయవలసిన అవసరము లేకపోయెనట. ఇంతకంటె ఆయన మాకెన్నడును చెప్పలేదు" అని వృద్ధుడు ఊరకుండెను. బాలికయు ఏమియు అడుగలేదు.

ఆ 1942వ సంవత్సరముననే మరికొందరు బాలశరణార్థులు వేరొక దిక్కునుండి భారతదేశమునకు వచ్చిరి. వారు పోలెండు దేశపు పిల్లలు. యుద్ధమున ఇల్లు కోల్పోయి, సోవియట్టు భూమికి తరలింపబడి, అనేకులు తల్లిదండ్రులను పోగొట్టుకొనినవారు. నవానగరము సంస్థానాధిపతియగు జామ్ సాహెబు దిగ్విజయసింహుడు జామ్‌నగరము చేరువనున్న బాలాచడి యను చోట వారికి నివాసములు కట్టించి ఆశ్రయమొసగెను. ఆ మేలును పోలెండు దేశీయులు మరువలేదు. వార్సా నగరములో ఒక కూడలికి ఆయన పేరిట నామకరణము చేసిరి.

యుద్ధము ముగిసెను. బర్మానుండి వచ్చినవారిలో పలువురు జీవనోపాధికై మరల రంగూనునకు పోయిరి. వృద్ధుని తండ్రియు పోయెను. 1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. అంతట అచ్చటి భారతీయుల యెదుట ఒక ప్రశ్న నిలిచెను: మీరు ఏ దేశపు పౌరులు?

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు రెండు త్రోవలుండెను. కొన్ని యేండ్లుగా బర్మాలో నివసించినవారు, అచ్చటనే స్థిరముగా నుండదలచినచో, ఆ దేశపు పౌరసత్వమును కోరుకొనవచ్చును. లేదా భారత పౌరులుగా నమోదు కావచ్చును. భారత రాజ్యాంగములోని 8వ అధికరణము ఇందుకు వీలు కల్పించినది. తాము గాని, తమ తల్లిదండ్రులు గాని, వారి తల్లిదండ్రులు గాని భారతదేశమున జన్మించియుండినచో, పరదేశమున నివసించువారు అచ్చటి భారత రాయబార కార్యాలయమునందు తమ పేరు వ్రాయించుకొని పౌరులు కావచ్చును.

"మా నాయన ఒకనాడు కూలి మానుకొని, పోయి పేరు వ్రాయించుకొనెను. ఆ కాగితమును వెదురు గొట్టములో పెట్టి భద్రపరచెను. మా ప్రక్కయింటివాడును తెలుగువాడే. భార్య బర్మా స్త్రీ. అతడు ఏ కాగితమును తీసికొనలేదు. 'ఇల్లు ఇచ్చటనే యున్నది, పని ఇచ్చటనే యున్నది, కాగితముతో పనియేమి?' అనెడివాడు. అతని కుమారుడు నా యీడువాడు. ఇద్దరమును ఒకే బడిలో ఒకే బల్లపై కూర్చుండి బర్మా అక్షరములు దిద్దితిమి. మా ఇద్దరిలో ఒకడు పౌరుడనియు, ఒకడు ఏ దేశమునకును చెందనివాడనియు మాకు తెలియదు" అని వృద్ధుడు చెప్పెను.

1962 మార్చి 2వ తేదీన నే విన్ అను సైన్యాధిపతి బర్మా ప్రభుత్వమును కైవసము చేసికొనెను. 1964 మార్చిలో ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసెను. ఆ సంవత్సరముననే మే 17వ తేదీన ఏబది, నూరు క్యాటుల నోట్లు చెల్లవని ప్రకటించెను. ఉదయమున దుకాణదారుగా లేచినవాడు సాయంకాలమునకు నిరుద్యోగి యయ్యెను. పౌరులు కానివారికి పని దొరకుట దుర్లభమయ్యెను. భారత ప్రభుత్వము ఓడలను పంపెను. లక్షలాది జనులు కలకత్తాకును, మద్రాసునకును, విశాఖపట్టణమునకును తరలి వచ్చిరి. పోవువారు తమ వెంట కొనిపోవు ధనముపైనను నగలపైనను కఠినమైన ఆంక్షలుండెను. కూడబెట్టినదంతయు అచ్చటనే విడిచి వచ్చిన కుటుంబములు పెక్కు.

"నేను పదునొకండేండ్ల వయస్సున విశాఖపట్టణపు రేవులో దిగితిని. నా స్నేహితుడు రాలేదు. అతని తల్లి తన దేశము విడువజాలనన్నది. కొంతకాలము ఉత్తరములు వచ్చినవి. పిదప ఆగిపోయినవి" అని వృద్ధుడు చెప్పెను.

బర్మానుండి తిరిగివచ్చినవారి విషయమై భారత ప్రభుత్వము ప్రత్యేక విధానము నేర్పరచెను. 1963 జూను 1వ తేదీ మొదలు వచ్చినవారిని స్వదేశమునకు మరలివచ్చిన కాందిశీకులుగా గుర్తించెను. వారికి తాత్కాలిక శిబిరములు, చిన్న వ్యాపారములకు ఋణములు, నివాసస్థలములు లభించినవి. ప్రభుత్వోద్యోగములకు వయోపరిమితిలో సడలింపు దొరకెను. విశాఖపట్టణములో కంచరపాలెము చెంత "బర్మా క్యాంపు" అను పేరు నేటికిని నిలిచియున్నది. సింహళ ద్వీపముననుండిన భారత సంతతివారికిని అట్టి యేర్పాటు జరిగెను. అచ్చట ఏ దేశపు పౌరసత్వమును లేనివారు తొమ్మిది లక్షల డెబ్బదియైదు వేలమంది. 1964 అక్టోబరు 30వ తేదీన లాల్ బహదూర్ శాస్త్రియు, సిరిమావో బండారనాయకెయు కుదుర్చుకొనిన ఒడంబడికచే అందు 5,25,000 మందిని భారతదేశమును, 3,00,000 మందిని సింహళమును స్వీకరించుటకు అంగీకరించినవి. మిగిలిన లక్షన్నర మంది సంగతి వెనుకకు విడిచిరి. వారిలో బాలబాలికలు ఎందరో యుండిరి. వారి నెవ్వరును ఏ దేశము కావలెనని అడుగలేదు.

విధానము కాగితముపై నుండుట వేరు. అది బడి గుమ్మమువద్ద నెరవేరుట వేరు. విశాఖపట్టణమున తండ్రి ఈ బాలుని ఒక పాఠశాలకు తీసికొనిపోయెను. "బదిలీ పత్రమేది? పుట్టిన తేదీకి నిదర్శనమేది?" అని అచ్చటివారడిగిరి. బర్మాలోని బడి పత్రము ఓడ ఎక్కు తొందరలో చేతికందలేదు. అచ్చట ప్రవేశము దొరకలేదు. మరియొక పాఠశాలకు పోయిరి. అచ్చటి ప్రధానోపాధ్యాయుడు బాలునిచే ఒక భాగహారపు లెక్క చేయించెను. లెక్క సరిపోయెను. తెలుగు పుస్తకము చేతికిచ్చి చదువుమనెను. ఇంట తెలుగు మాటాడుటయే గాని బాలునికి ఒక్క అక్షరమును రాదు. అతడు సిగ్గుతో తల వంచుకొనెను. ఆయన కొంత యోచించి, లెక్కలకు ఆరవ తరగతిలోను, తెలుగునకు మూడవ తరగతిలోను కూర్చుండునట్లు ఏర్పాటు చేసెను. గుమాస్తా పత్రములను గూర్చి జ్ఞాపకము చేయగా, "కాగితము తరువాత రావచ్చును, పిల్లవాని వయస్సు తిరిగి రాదు" అని ఆయన చెప్పెను.

"ఆ మాట వినకయే యుండిన, తల్లీ, నేను రేవులో బరువులు మోసియుందును. కాగితములు వ్రాయు ఉద్యోగము నాకు దొరకియుండదు" అని వృద్ధుడు చెప్పెను.

బాలిక నోటుపుస్తకము దగ్గరకు తీసికొనెను. "మరి మీరు ఏ హక్కుచే పౌరులైతిరి, తాతయ్యా?"

రెవెన్యూ కార్యాలయములో పనిచేసినవాడగుటచే వృద్ధుడు చట్టమును విడమరచి చెప్పెను. భారత పౌరసత్వ చట్టము 1955లో వచ్చినది. జన్మము, వంశము, నమోదు, చిరనివాసము మొదలగు మార్గములను అది నిర్ణయించినది. ఆ యింటి మూడు తరములకు మూడు నియమములు వర్తించినవి.

తాతయ్య 1953లో దేశము వెలుపల పుట్టెను. కాని అప్పటికే ఆయన తండ్రి భారత పౌరుడు. కావున తాతయ్య వంశమును బట్టి పౌరుడు. బాలిక తండ్రి 1981లో ఈ గడ్డపై పుట్టెను. 1950 జనవరి 26వ తేదీ మొదలు 1987 జూలై 1వ తేదీకి ముందు భారతదేశమున పుట్టినవారు, రాయబారుల బిడ్డలు మొదలగు కొలదిమంది తప్ప, తల్లిదండ్రులెవరైనను జన్మముచే పౌరులే. కావున అతనికి గడ్డయే చాలును. 1987 తరువాత పుట్టినవారికి తల్లిదండ్రులలో ఒకరైనను పౌరులై యుండవలెనని నియమము మారినది. 2004 డిసెంబరు 3వ తేదీ మొదలు పుట్టినవారికి తల్లిదండ్రులిద్దరును పౌరులై యుండవలెను. లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమముగా ప్రవేశించినవారు కాకుండవలెను. 2012లో పుట్టిన బాలిక ఈ కడపటి నియమముచే పౌరురాలు. ఆమె తల్లియు తండ్రియు పౌరులే.

"అనగా నాన్నకు ఈ నేల చాలెను, నాకు నేల చాలక, అమ్మయు నాన్నయు కూడ కావలసివచ్చిరి" అని బాలిక లెక్కించుకొనెను. పిమ్మట, "అట్లయిన ఇచ్చటనే పుట్టియు, తల్లిదండ్రులకు కాగితము లేని బిడ్డ ఎవరి బిడ్డ తాతయ్యా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు పెద్దలును నేటికిని వాదించుచున్నారు. ఒక రాజ్యము తన గడ్డపైకి ఎవరు వచ్చుచున్నారో తెలిసికొనుట, పౌరులెవరో నిర్ణయించుట దాని ధర్మము. అది లేనిచో రక్షణయు, పాలనయు సాగవు. కాని పుట్టుట బిడ్డ చేసిన నేరము కాదు. ఎల్ల దాటి వచ్చినను, తల్లి చంక నెక్కి వచ్చినదే.

శిబి చక్రవర్తి పావురమునకు అభయమిచ్చిన కథ మన పిల్లలందరికిని తెలిసినదే. అది రాజు దయ. అభయము దయగా లభించుట వేరు, హక్కుగా లభించుట వేరు. శరణార్థుల హక్కులను గూర్చి 1951లో ఒక అంతర్జాతీయ ఒప్పందము, 1967లో దానికి అనుబంధము ఏర్పడినవి. భారతదేశము వానిలో చేరలేదు. శరణార్థులకై ప్రత్యేక చట్టమును చేసికొనలేదు. ఆయా సందర్భమును బట్టి ఆయా జనులకు ఆశ్రయమొసగుచు వచ్చినది. 1959లో దలైలామాతో వచ్చిన టిబెట్టువారికి మైసూరు రాష్ట్రములోని బైలకుప్పె మొదలగు చోట్ల భూములు, పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు లభించినవి. శీతకాలమున మన పట్టణములలో ఉన్ని దుస్తులమ్ము టిబెట్టువారిని పిల్లలు చూచియేయుందురు. వారిలో 1987కు ముందు ఇచ్చట పుట్టినవారు జన్మముచే భారత పౌరులేయని 2010లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినది.

2019లో పౌరసత్వ చట్టమునకు ఒక సవరణ జరిగెను. పాకిస్థాను, బంగ్లాదేశము, ఆఫ్ఘనిస్థానముల నుండి 2014 డిసెంబరు 31వ తేదీలోపల వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు దానిచే పౌరసత్వమునకు అర్హులు. సింహళమునుండియు, బర్మానుండియు వచ్చినవారు అందులో లేరు. బర్మా దేశము 1982లో చేసిన పౌరసత్వ చట్టము పౌరులను మూడు తరగతులుగా విభజించినది. 1823కు ముందు ఆ దేశమున స్థిరపడిన జాతులకే పూర్ణ పౌరసత్వము ప్రధానముగా చెందినది. దానిచే ఏ దేశమునకును చెందనివారైన రోహింగ్యాలు కొందరు హైదరాబాదులో బాలాపూరు ప్రాంతమున నివసించుచున్నారు. వారు అక్రమముగా వచ్చినవారని భారత ప్రభుత్వము వాదించుచున్నది.

"అయినను, తల్లీ, కొన్ని హక్కులు పౌరులకే కాదు, మనుష్యులందరికిని కలవు" అని వృద్ధుడు చెప్పెను. వోటు పౌరులకే చెందును. కాని రాజ్యాంగములోని 14వ, 21వ అధికరణములు "పౌరుడు" అనక "వ్యక్తి" అని చెప్పుచున్నవి. తూర్పు పాకిస్థాను నుండి వచ్చి అరుణాచలప్రదేశమున నివసించిన చక్మాల విషయమున 1996లో సుప్రీముకోర్టు, వారి ప్రాణములను కాపాడు బాధ్యత రాష్ట్ర ప్రభుత్వమునదేయని తీర్పు చెప్పినది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశము 1992లో చేరెను. ప్రతి బిడ్డకును పేరును, ఒక జాతీయతయు ఉండవలెననియు, శరణార్థియగు బిడ్డకు రక్షణ లభింపవలెననియు అది చెప్పుచున్నది. 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్లవరకు గల బాలలందరికిని ఉచిత విద్య నొసగుచున్నది. ఆ చట్టమున "పౌరుని బిడ్డ" అని లేదు. "బిడ్డ" అనియే కలదు. వయస్సునకు నిదర్శనము లేదనియు, బదిలీ పత్రము రాలేదనియు ప్రవేశమును నిరాకరింపరాదని అది శాసించుచున్నది.

బాలిక కన్నులు మెరిసినవి. "అనగా మీ ప్రధానోపాధ్యాయుడు 1964లో చెప్పిన మాటనే చట్టము చెప్పుచున్నదా తాతయ్యా?"

"అవును. ఆయన దయతో చేసినదానిని నేడు ఏ ప్రధానోపాధ్యాయుడైనను విధిగా చేయవలెను. దయగలవాడు ఎదురగునో లేదో యని పిల్లవాడు గుమ్మమువద్ద భయపడి నిలువనక్కరలేదు. చట్టమువలని మేలు అదియే" అని వృద్ధుడు చెప్పి, ఆ పాత కాగితమును మడతలు చెడకుండ మరల పెట్టెలో నుంచెను.

మరునాడు బాలిక తన వ్రాతను తరగతిలో చదివెను. అందలి కడపటి మాటలు ఇవి: "మా తాతయ్య రంగూనులో పుట్టెను, ఆయన భారత పౌరుడు. ఆయన స్నేహితుడును రంగూనులో, ఆ వీథిలోనే పుట్టెను. అతని పేరునకు ఎదురుగా ఏ దేశము వ్రాయవలెనో నాకు తెలియలేదు. ఆ గడిని ఖాళీగా విడిచితిని."

ఉపాధ్యాయిని ఆ గడిని దిద్దలేదు.

ప్రశ్నలు

1. తెలుగువారిని బర్మాలో "కోరంగీలు" అని ఏల పిలిచిరి?
2. రంగూనులోని ఇరువురు బాలుర జీవితములు ఎట్లు వేరైనవి? అందుకు కారణమేమి?
3. ఆ యింటి మూడు తరములవారు ఏయే నియమములచే పౌరులైరి?
4. "దయ", "హక్కు" అను వానికి గల భేదమును పాఠములోని ఉదాహరణములతో వివరింపుము.
5. మీ యింటి మూడు తరములవారి జన్మస్థలములను తెలిసికొని వ్రాయుము.